ఎన్సియో జాగు చేసిన శనివారం

"మళ్ళీ బయల్దేరాడు," అన్నాడు తైస్తో మామయ్య కిటికీ దగ్గర నిలబడి. "చేతిలో కట్టెలు. ఈసారి టోపీ కూడా పెట్టుకున్నాడు. తొందరేమీ లేదన్నమాట."

నేను తల తిప్పలేదు. కంప్యూటర్ తెర మీద ఎన్సియో పేరు పక్కన చిన్న గడియారం తిరుగుతోంది. ఆట అతని దగ్గర ఆగింది. అది తిరుగుతున్నంతసేపూ అతను పెరడు దాటి, ఆవిరి స్నానం చేసే సౌనా గది పొయ్యిలో కట్టె వేసి, చేతులు దులుపుకుని వస్తాడు. శనివారం మధ్యాహ్నం ఊరంతా సౌనాలు కాగుతూనే ఉంటాయి. మిగతావాళ్ళు పొయ్యి రాజేసి ఇంకో పని చూసుకుంటారు. పక్కింటి ఎన్సియో ఒక్కడే పొయ్యినీ పేకాటనీ ఒకే గడియారంతో నడుపుతాడు.

గడువు ఇంకో సెకనులో అయిపోతుందనగా ఈ పంపకం ఆడనన్నట్టు అతని ముక్కలు బల్ల మీంచి మాయమయ్యాయి. పడేశాడు.

"పడెయ్యడానికి అంత ఆలోచనా?" అన్నాను.

"ఆలోచనెక్కడిదే? కట్టెలు మోసాడు. నేను చూశాగా."

"మామయ్యా, నాకు చెప్పకు."

"నీకు చెప్పట్లేదు. నాలో నేను అనుకుంటున్నా."

నేను కావాలనే కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదుటివాడి పెరట్లోకి చూస్తూ ఆడడం అతని ముక్కల్లోకి తొంగిచూడడం లాంటిదే అనిపించింది. మామయ్యకు మాత్రం అలాంటి పట్టింపు లేదు. ఆయన ఆడుతూ పెరిగింది నలుగురు కూర్చునే పాత ఊరి ఆట. అందులో ముక్క వెయ్యడానికి ఎవరైనా తటపటాయిస్తే, "గుడ్లు పొదుగుతున్నావా?" అని బల్ల గుద్దేవారట. ఇంటర్నెట్ పోకర్‌లో గుద్దడానికి బల్ల లేదన్నదే ఆయన బాధ.

మా ఉత్తర పల్లెల పేక సంఘం ప్రతి చలికాలం ఈ పోటీ పెడుతుంది. దారులు మంచు కింద ఉండే రోజుల్లో ఎవరూ ఊళ్ళు దాటి రాలేరు కనక మొదటి విడతంతా ఇళ్ళలోంచే. ఆడుతూ ఆడుతూ ఆరుగురు మిగిలాక ఆట ఆగిపోతుంది. ఆ ఆరుగురూ వసంతంలో ఔలు పట్నం వెళ్ళి అసలైన బల్ల చుట్టూ, అసలైన ముక్కలతో కూర్చుంటారు. బిళ్ళలు కుప్పగా ఉన్నవాడికీ, ఒక్కటే మిగిలినవాడికీ అదే కుర్చీ. ఏడోవాడికి మాత్రం ఏమీ లేదు.

పోయిన చలికాలం ఆ ఏడోదాన్ని నేను. ఆరోవాడు ఎన్సియో.

ఈసారి మళ్ళీ ఏడుగురం మిగిలాం. మా బల్ల మీద నలుగురం, రెండో బల్ల మీద ముగ్గురు. నాకు ఆ కుర్చీ కావాలి. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేను గానీ, కావాలి. చిన్నప్పటినుంచీ నేను గదిలో ఉన్నానని జనం మర్చిపోతుంటారు. పేక బల్ల దగ్గర అలా మర్చిపోవడం కుదరదు. వంతు వస్తుంది, అందరూ నీ వైపు చూస్తారు, నువ్వు నోరు విప్పకపోయినా నీ మాట చెల్లుతుంది. అది ఒక్కసారి తెర మీద కాకుండా మనుషుల మధ్య చూడాలని.

ఎన్సియో చేసే జాగులో కిటుకు ఒకటుంది. ముక్కలు బాగున్నా లేకున్నా, వంతు వచ్చినవాళ్ళు ప్రతి పంపకానికీ కొన్ని బిళ్ళలు బల్ల మీద పెట్టి తీరాలి. తక్కువ బిళ్ళలున్నవాణ్ణి ఆ పన్నే తినేస్తుంది. ఒక బల్ల మీద ఎవరైనా ప్రతిసారీ గడువంతా వాడుకుంటే, అక్కడ ఒక పంపకం ముగిసేలోగా రెండో బల్ల మీద మూడు ముగుస్తాయి. అక్కడివాళ్ళు మూడింతలు పన్ను కడతారు. ఇక్కడివాడు పొయ్యిలో కట్టెలు వేసుకుంటూ, అక్కడ ఎవరో ఒకరు ఆరిపోయేదాకా కూర్చుంటే చాలు. పోయినసారి నేను అక్కడి బల్ల మీద ఉన్నాను. మంచి ముక్క కోసం చూస్తూ చూస్తూ కరిగిపోయాను. ఆ మర్నాడు నేను పనిచేసే దుకాణానికి ఎన్సియో వచ్చాడు. కాఫీ పొడి తీసుకుంటూ, వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినపడేలా, "నేను ముక్కలతో గెలవలేదర్రా, గడియారంతో గెలిచా," అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాఫీ పొడి సంచిలో పెట్టి ఇచ్చాను.

దీనికి మందు లేదా అంటే ఉంది. ఆటలో ఉన్నవాళ్ళలో ఒక్కరు అడిగితే చాలు, రెండు బల్లలకీ ఒకేసారి పంచుతారు. ఒక బల్ల ఆట ముగిసేదాకా రెండోది ఆగుతుంది. అప్పుడు జాగు వల్ల ఎవరికీ లాభం ఉండదు. కానీ ఎవరో ఒకరు అడగాలి. అడగనిదే చెయ్యకూడదని సంఘం నియమం. మావాళ్ళకు చేతకాని పని ఏదన్నా ఉందంటే అదే. దుకాణంలో ఎవరైనా వరస తప్పి ముందుకొస్తే వెనకవాళ్ళంతా తమ బూట్లు చూసుకుంటారు. చర్చిలో చలేస్తే కోటు బొత్తాలు పెట్టుకుంటారు గానీ వేడి పెంచమనరు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళు అడుగుతారనుకుంటారు. పోయిన ఏడాది ఆ చివరి గంటలో ఎన్సియో తప్ప ఆరుగురమూ అలాగే అనుకున్నాం. తెర పక్కన మాటలు రాసుకునే చోట ఒక్క అక్షరం పడలేదు.

ఇప్పుడూ ఖాళీగానే ఉంది.

"కాఫీ చల్లారుతోంది," అన్నాడు మామయ్య. తర్వాత నా ముఖం చూశాడు. "ఏంటి, అడుగుతావా?"

"అనుకుంటున్నా."

"పిచ్చిదానా, ఎన్సియో ఈసారి నీకు మేలు చేస్తున్నాడే! నీ బిళ్ళలు వాడికన్నా తక్కువ. వాడు సాగదీసేకొద్దీ నువ్వూ బతుకుతావు. నోరు మూసుకుని యాలకుల బన్ను తిను. ఔలు వెళ్ళొచ్చు."

"తెలుసు."

"తెలిస్తే మరి?"

నేను రెండో బల్ల చూపించాను. అక్కడ 'దాల్చినచెక్క' అనే పేరుతో ఎవరో ఆడుతున్నారు. ఏ ఊరో తెలీదు, ఆడో మగో తెలీదు. ఒక గంట క్రితం నాకన్నా ఎక్కువ బిళ్ళలున్నాయి. పంపకం పంపకానికీ తరుగుతున్నాయి. తొందరపడి తప్పు ఆట ఆడట్లేదు. ఓపిగ్గా, మర్యాదగా, ముక్క రాక, కరిగిపోతున్నారు. పోయిన ఏడాది నేను ఎలా పోయానో బయటినుంచి చూస్తున్నట్టుంది.

మామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాళ్ళు నీకేమవుతారు?"

"ఏమీ కారు."

"అయితే సరే," అన్నాడు, ఏం సరేనో నాకు అర్థం కాలేదు.

మాట రాశాను. చెరిపేశాను. మళ్ళీ రాశాను. పోటీ నడిపిస్తున్నది ఓర్వొక్కి టీచర్. మా ఊరి బళ్ళో నాకు చదువు చెప్పింది ఆవిడే.

"టీచర్, రెండు బల్లలకీ ఒకేసారి పంచండి. సైమీ."

పంపేశాను. వెనక్కి తీసుకోవడానికి లేదు. తర్వాత జవాబు వచ్చింది.

"సైమీ! నువ్వేనా? బళ్ళో ఒక్కసారి ఇలా చెయ్యెత్తి ఉంటే నాకెంత సంతోషంగా ఉండేది. అలాగే. వచ్చే పంపకం నుంచి రెండు బల్లలూ కలిసి."

వెంటనే ఎన్సియో రాశాడు: "అమ్మో, గోడకి నోరొచ్చింది."

మా బల్ల మీదే ఉన్న కౌకో మంచు తోసే బండి నడుపుతాడు. అతను రాశాడు: "గోడ కాదయ్యా, తలుపు. తెరుచుకుంది. బతికించావు సైమీ, కూర్చునే నిద్రపోతున్నా ఇక్కడ."

"నిద్రొస్తే పడుకో. నీ బండి ఎలాగూ మా దారికి మధ్యాహ్నం దాకా రాదు," అని ఎన్సియో.

"నీ దారి చివర్న తోస్తా. గడువంతా వాడుకుని."

నాలుగో ఆటగాడు ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. అవతలి బల్ల నుంచి ఇంకో రెండు బొటనవేళ్ళు. ఇంతమందికి ఇంత కోరికగా ఉందా అనుకున్నాను. మామయ్య నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. ఆయన దగ్గర అది పెద్ద ప్రసంగం.

ఇక జాగు వల్ల ఒరిగేదేమీ లేదు. అయినా ఎన్సియో మానలేదు. మొదట్లో లాభం కోసం చేసింది ఇప్పుడు పంతం కోసం చేశాడు. ఒక్కొక్కరికీ ఆట మొదట్లోనే కొంత అదనపు సమయం ఇస్తారు. గడువు దాటాక అందులోంచి ఖర్చవుతుంది. అయిపోతే మళ్ళీ రాదు. నా అదనపు సమయం ఇంకా మూత తియ్యని డబ్బాలా ఉంది. ఎన్సియో తనది అడుగంటేదాకా గీరేశాడు. పనికిరాని ముక్కలు పట్టుకుని మా ఆరుగురినీ ఆపి, పెరట్లోకి పోయి, వచ్చి, పడేశాడు. అతని పేరు పక్కన ఉన్న అంకె సున్నా అయింది.

నా బిళ్ళలూ తరిగాయి. మామయ్య చెప్పింది నిజమే. అడిగినందుకు ఆ పన్ను ఇప్పుడు నేనూ కడుతున్నాను. ఇంకో రెండు వంతులు వస్తే నా దగ్గర పెట్టడానికేమీ ఉండదు. భయం వేసిందా అంటే వేసింది. అయినా ఏ ముక్కకు తెగించాలో, ఏ ముక్కకు పడెయ్యాలో ముందే అనుకుని పెట్టుకున్నాను. ఎనిమిదుల జత గానీ అంతకు పైది గానీ వస్తే ఉన్నదంతా పెట్టేస్తాను. ఎవరు ముందు పందెం కాసినా, కాయకపోయినా.

కొత్త పంపకంలో మొదటి వంతు ఎన్సియోది. అతను కొంచెం ఆగి పందెం కాశాడు. నా దగ్గర ఉన్నదానికి ఇంచుమించు సగం. తర్వాత కౌకో. వెంటనే పడేశాడు. నాలుగో ఆయన వెంటనే పడేశాడు. అడిగిన దగ్గర్నుంచీ అందరూ చకచకా ఆడుతున్నారు, ఎప్పుడు అయిపోతుందా అని. నా వంతు వచ్చింది. ముక్కలు చూశాను.

ఇస్పేటు పది. కళావరు పది.

"ఓరి నీ!" అన్నాడు మామయ్య కిటికీ దగ్గర్నుంచి. "వీడు కట్టెల కొట్టంలో ఉన్నాడే! పందెం కాసి బయటికొచ్చాడు! తనకి మల్లే మీరంతా పొదుగుతారనుకున్నాడు!"

"మామయ్యా!"

"సైమీ, కొట్టు! వాడు లోపలికి రాకముందే కొట్టు!"

నేను చూడలేదు. కానీ చెవులకు కిటికీ తెరలు ఉండవు. విన్నాను. ఇప్పుడు నేను ఉన్నదంతా పెడితే ఆట తిరిగి ఎన్సియో దగ్గరికి వెళ్తుంది. అతనికి గడువొక్కటే ఉంది, అదనపు సమయం సున్నా. బల్ల దగ్గర లేకపోతే అతని ముక్కలు వాటంతటవే పడిపోతాయి. నా దగ్గర మాత్రం అదనపు సమయం నిండుగా ఉంది. దాన్ని వాడి ఆగితే అతను వచ్చేస్తాడు. అంటే అతనికి న్యాయం చెయ్యడానికి నేను జాగు చెయ్యాలి. కట్టెలు ఏరుకునేవాడి కోసం ఐదుగురిని కూర్చోబెట్టాలి.

ముక్కలు చూశాను. బిళ్ళలు చూశాను. ఒక ఊపిరి తీసుకున్నాను. పొద్దున్నుంచీ ప్రతి వంతుకీ ఇంతే. తొందరపడలేదు, ఆగలేదు. ఉన్నదంతా పెట్టాను.

ఎన్సియో గడియారం తిరగడం మొదలైంది.

నా పని అయిపోయింది కనక ఇప్పుడు చూడొచ్చు అనుకుని కిటికీ వైపు తిరిగాను. మంచు మీద సాయంకాలపు నీలి వెలుగు పడుతోంది. ఎన్సియో చేతినిండా కట్టెలతో కొట్టంలోంచి వస్తున్నాడు, ఈల వేసుకుంటున్నట్టున్నాడు. ఇంటి వంటగది కిటికీలోంచి అతని భార్య హెల్వి తల బయటపెట్టి ఏదో అరిచింది. అతను ఆగాడు. కట్టెలు నాలుగు దిక్కులా ఎగిరాయి. పరుగు. మెట్ల దగ్గర మలుపులో ఒక చెప్పు మంచులో ఉండిపోయింది. కాలు మేజోడుతో రెండడుగులు వేసి, జారి, చేతుల మీద పడి, లేచి తలుపు లాగాడు.

"దేవుడా," అన్నాడు మామయ్య మెల్లగా. "ఆ వయసులో బాగానే పరిగెత్తాడు."

తెర మీద ఎన్సియో ముక్కలు మాయమయ్యాయి. అతను కాసిన పందెం నా వైపు జరిగి వచ్చింది.

మాటల పెట్టెలో ఎన్సియో మాట ఒకటే పడింది: "కూర్చున్నా!"

"ఎవరు?" అని రాశాడు కౌకో.

ఆ తర్వాతి పంపకంలో ఎన్సియో ముక్కలు చూశాడో లేదో కూడా తెలీదు, మిగిలినదంతా తోసేశాడు. ఆ ఒక్కసారి గడువులో ఒక్క సెకను కూడా వాడలేదు. కౌకో అంతకు అంతా పెట్టి చూశాడు. కౌకో దగ్గర రాజుల జత ఉంది, ఎన్సియో బిళ్ళలన్నీ అటు పోయాయి. అవతలి బల్ల ఆట ముగిసేదాకా అందరం ఆగాం. అక్కడ ఎవరూ పోలేదు. తెర మీద ఆరు పేర్లు నిలిచాయి. అందులో నాది నాలుగోది, దాల్చినచెక్క ఆరోది. ఎన్సియో ఏడు.

దాల్చినచెక్క నుంచి మాట వచ్చింది: "అడిగింది ఎవరో గానీ, ఔలులో కాఫీ నేనిప్పిస్తా."

నేను కంప్యూటర్ మూసి, చల్లారిన కాఫీ మొత్తం తాగేశాను. మామయ్య తిరిగి కాఫీ పెట్టడానికి లేచాడు. అసలు ఏడ్చే మనిషి కాదు. నాకు వీపు పెట్టి చాలాసేపు గిన్నె కడిగాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. హెల్వి. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది.

"రావే పిల్లా, సౌనా కాగింది. ఇవాళ దాన్ని కాచినంత శ్రద్ధగా మా ఆయన పెళ్ళైన దగ్గర్నుంచీ కాచలేదు. స్నానానికి ఆడవాళ్ళం ముందు, మేం వచ్చాకే మగవాళ్ళు."

"ఎన్సియో కోపంగా ఉన్నాడా?"

"చెప్పు వెతుక్కుంటున్నాడు. కోపానికి తీరిక లేదు."

వాళ్ళ సౌనా అరుగు మీద ఎన్సియో కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి ఉన్ని మేజోడు, దాని అడుగున మంచు గడ్డ కట్టి ఉంది. నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు, మళ్ళీ ఉండబట్టలేక అడిగాడు.

"నీ దగ్గరేం ఉన్నాయి?"

"పదుల జత."

"నా దగ్గర రాణులు! రెండు రాణులే, సైమీ! కూర్చుని ఉంటే నీ అంత పెట్టి చూసేవాణ్ణి. అక్కడితో నీ పని అయిపోయేది."

"అయిపోయేది."

ఒప్పేసుకుంటానని అనుకోలేదేమో, మేజోడు మీద మంచు గీరుకున్నాడు. "నేను బయటున్నానని నీకు తెలుసా?"

"మామయ్య అరిచాడు."

"తెలిసీ నొక్కావా?"

"నేను ఎప్పుడూ తీసుకునేంతసేపే తీసుకున్నా, ఎన్సియో."

తల ఊపాడు. "దుకాణంలో అన్న మాటకేనా ఇదంతా? అడగడం, అదీ?"

"కాదు. దాల్చినచెక్క కోసం."

"అదెవరు?"

"తెలీదు."

అతను నా వైపు, నేను తప్పు లెక్క కట్టి చిల్లర ఎక్కువిచ్చినట్టు చూశాడు. ఈలోగా హెల్వి నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

లోపల వేడి నిజంగానే బాగా నిలిచింది. పొయ్యి మీద కాగిన రాళ్ళపై హెల్వి నీళ్ళు చల్లితే ఆవిరి మెత్తగా, పైనుంచి కిందికి దిగింది. ఇద్దరం లోపలి చెక్క మెట్లలో పైదాని మీద కూర్చున్నాం. కొంతసేపటికి బయట అరుగు మీద చెక్క కిర్రుమంది. తర్వాత ఒక దగ్గు. తర్వాత ఇంకొంచెం పెద్ద దగ్గు.

నాకు చాలనిపించి లేచాను.

"అప్పుడేనా?" అంది హెల్వి.

"నాకు అయింది."

"నువ్వెళ్ళు. నేనింకా కూర్చుంటా." గరిటెడు నీళ్ళు తీరిగ్గా చల్లింది. "ఆదివారం సూప్ చల్లారబెట్టుకుని ఆ ఆట ముగిసేదాకా ఎన్నిసార్లు కూర్చున్నానో ఆయనకి తెలీదు. ఇవాళ నా గడువు నేను వాడుకుంటా."

బట్టలు వేసుకుని బయటికి వచ్చాను. వెలుగు తగ్గుతోంది. మెట్ల మలుపులో మంచులోంచి ఎన్సియో చెప్పు మడమ ఒక్కటే కనపడుతోంది. లాగి తీసి, దులిపి, అతని కాలి పక్కన పెట్టాను. అతను భుజం మీద తువ్వాలు వేసుకుని తలుపు వైపే చూస్తున్నాడు.

"ఇంకా ఎంతసేపట?" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

"లోపలే ఉందిగా. అడుగు."

ఎన్సియో తలుపు చూశాడు. నోరు తెరిచాడు. తర్వాత మూసుకుని, చెప్పు తొడుక్కుని, తువ్వాలు సర్దుకుని మళ్ళీ కూర్చున్నాడు.